యాగీస్ ఆట: టీవీలో బొమ్మ, రేడియోలో మాట, రెండూ కలవడం లేదు

ఫ్రిస్కో_శనివారం:
అందరికీ నమస్కారం. టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం జట్టు, అంటే యాగీస్, ఆడే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ గురించి మూడు సందేహాలు. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, టీవీ అంతా నెట్‌లో వచ్చే యూట్యూబ్ టీవీ మీదే. మొదటిది: ఆట ఏ ఛానెల్లో, ఎన్నింటికో నెల ముందే చెప్పరేం? రెండోది: ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాతలు ఇద్దరికీ సమానంగా మాట్లాడతారు. నాకు కావలసింది యాగీస్ సొంత రేడియో వ్యాఖ్యానం, టీవీ బొమ్మతో కలిపి. ఆప్‌లో పెడితే ఒకసారి రేడియో వెనక, ఒకసారి ముందు. టచ్‌డౌన్ (గోల్ లాంటిది) అవ్వకముందే అరుపులు వినిపిస్తే ఇక చూడ్డానికేముంది? మూడోది: గుంటూరులో ఉన్న తాతగారికి టీవీ వద్దు, మాట వినిపిస్తే చాలు. దారేమిటి?

కాన్ఫరెన్స్_కరణం:
మొదటిదానికి నేను చెప్తాను. ఛానెల్ నిర్ణయించేది కాలేజీ కాదండీ. 1984 దాకా టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఒక జట్టు రెండేళ్ళలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదని నియమం. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కితే, ఆ ఏడు జూన్‌లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ పద్ధతి కొట్టేసింది. అప్పట్నుంచి బేరాలు విడివిడిగా సాగి, చివరికి కాన్ఫరెన్స్‌ల, అంటే కాలేజీ జట్ల కూటముల, చేతిలో పడ్డాయి. ఏ అండ్ ఎమ్ 2012 నుంచి ఎస్‌ఈసీ అనే కూటమిలో ఉంది. ఎస్‌ఈసీ ఆటలు 2024 నుంచి మొత్తం డిస్నీ వాళ్ళ ఏబీసీ, ఈఎస్‌పీఎన్ కుటుంబానివే. పాత అలవాటుతో సీబీఎస్‌లో వెతకడం మానేయండి.

వేసవిలోనే ఒక్కో ఆటకీ పూట మాత్రం చెప్పేస్తారు. మన సెంట్రల్ టైములో పొద్దుటిది 11కో 12కో, మధ్యాహ్నానిది 2:30-3:30 మధ్య, రాత్రిది 5-7 మధ్య. 'ఫ్లెక్స్' అని రాసి ఉంటే మధ్యాహ్నమో రాత్రో అన్నమాట. కచ్చితమైన టైమూ ఛానెలూ మామూలుగా 12 రోజుల ముందు తేలతాయి. ఆ వారం మంచి ఆటలు రెండు మూడు పోటీ పడితే 6 రోజుల ముందు దాకా నాన్చుతారు. పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ మాటిచ్చేవాళ్ళు ఇది చూసుకుని ఇవ్వండి.

ఒక మెలిక ఉంది. హక్కు ఎవరి మైదానమో వాళ్ళది. 2025 సెప్టెంబర్‌లో నోటర్‌డామ్‌ విశ్వవిద్యాలయం మీద ఆట వాళ్ళ ఊళ్ళో జరిగింది కాబట్టి ఎన్‌బీసీలో వచ్చింది. నోటర్‌డామ్‌ సొంతగడ్డ ఆటలు 1991 నుంచీ ఎన్‌బీసీవే. కాన్ఫరెన్స్ బయటి జట్టుతో పరాయి ఊళ్ళో ఆట అంటే ఆ ఊరివాళ్ళ ఒప్పందం చూడాలి.

యూట్యూబ్ టీవీ కాకుండా నేరుగా ఈఎస్‌పీఎన్ కొనాలనుకుంటే 'అన్‌లిమిటెడ్' తీసుకోండి. 2025 ఆగస్టులో మొదలైనప్పుడు నెలకి 29.99 డాలర్లు. 'సెలెక్ట్' చవకే గానీ అందులో ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ఛానెల్ రాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

సెకన్ల_లెక్క:
రెండోది నా వంతు. ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: వెనకబడ్డదాన్ని ముందుకు లాగలేం, ముందున్నదాన్నే ఆపగలం. అందుకని ఎవరు ముందో తేల్చకుండా ఏ మీటా నొక్కకండి.

వరస చెప్తాను. గాలిలో వచ్చే రేడియో అన్నిటికన్నా ముందు. యాంటెనా టీవీ దానికి కొన్ని సెకన్లు వెనక. నెట్ టీవీ అర నిమిషం అటూ ఇటూ, ఒక్కోరోజు నిమిషం. రేడియో ఆప్ కూడా అర నిమిషం పైనే, అదీ ఏ రోజుకారోజు మారుతుంది. మీకు ఒకసారి ముందు, ఒకసారి వెనక రావడానికి కారణం ఇదే. రెండు స్ట్రీములూ వాటి వాటి బఫర్‌ని (ముందుగా దాచుకునే నిల్వని) బట్టి నడుస్తాయి, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

కొలవడానికి వ్యాఖ్యాత గొంతు నమ్మకండి, ఆయన చూసి చెప్పేసరికి సెకను పోతుంది. పెనాల్టీ పడ్డాక రిఫరీ మైకులో ప్రకటిస్తాడు చూడండి, అది పట్టుకోండి. మైదానం స్పీకర్లలోంచి అదే మాట రేడియో మైకులోకీ వస్తుంది. ఒకదాంట్లో మొదలవగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండోదాంట్లో వినబడగానే ఆపండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి.

రేడియో వెనకుంటే పని తేలిక: టీవీని అన్ని సెకన్లు పాజ్ చేయండి. ఇంకా కొంచెం తేడా ఉంటే పాజ్, ప్లే గబగబా ఒకసారి నొక్కితే అర సెకనో సెకనో సర్దుకుంటుంది. రేడియో ముందుంటే ఆప్‌ని పాజ్ చేయాలి. కొన్ని ఆప్‌లు ఆపినచోటి నుంచే సాగుతాయి, కొన్ని తిరిగి నొక్కగానే లైవ్‌కి దూకేస్తాయి. దూకే రకం అయితే దాంతో కుస్తీ వద్దు, టీవీనే ముందుకు తెచ్చుకోండి, అంటే యాంటెనా పెట్టుకోండి.

సరిగ్గా సున్నాకి కలపాలని చూడకండి. బొమ్మ తర్వాత అర సెకనుకి మాట వస్తే చెవికి ఇబ్బంది ఉండదు, ముందొస్తే మాత్రం ఆట చచ్చిపోతుంది. కలిపాక కూడా ప్రకటనల విరామం తర్వాత మొదటి ఆట మీద కన్నేసి ఉంచండి. ఆప్‌లలో స్ట్రీము మధ్యలో వేరే ప్రకటనలు దూరుస్తారు, వాటి నిడివి సరిపోకపోతే మీ లెక్క అక్కడే చెడుతుంది. ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు కూడా ఆపేయండి. ఇన్ని తిప్పలు పడి, టింగుమని అది చెప్పేస్తే ఏం లాభం?

ఇంట్లో 5.1 (చుట్టూ ఐదు, ఒక బేస్) స్పీకర్లుంటే ఇంకో చిట్కా. టీవీ వ్యాఖ్యాతల గొంతు ఎక్కువగా మధ్య స్పీకర్లో ఉంటుంది, జనం హోరు పక్క స్పీకర్లలో. మధ్యదాన్ని బాగా తగ్గించి రేడియో పెట్టుకుంటే హోరు టీవీది, మాట రేడియోది. అయితే రిఫరీ గొంతు కూడా మధ్యలోనే పోతుంది, కొలవడం పూర్తయ్యాకే తగ్గించండి. నెట్ టీవీ ఉత్త స్టీరియో పంపిస్తే మాత్రం ఇది పనిచేయదు.

యాంటెనా_మామ:
పై ఆయన యాంటెనా అని వదిలేశారు, ఫ్రిస్కోలో అది అంత ఆషామాషీ కాదు. డాలస్ టీవీ టవర్లు దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయి, మీకు దాదాపు 40 మైళ్ళు. పైగా మీకు కావలసిన ఏబీసీ, అంటే డబ్ల్యూఎఫ్‌ఏఏ, ఇప్పటికీ వీహెచ్ఎఫ్ (పొడవు తరంగాల పట్టీ) 8వ ఛానెల్ మీదే వస్తుంది. అట్టముక్కలా కిటికీకి అంటించే యాంటెనాలు యూహెచ్ఎఫ్‌కి (పొట్టి తరంగాలకి) పనికొస్తాయి గానీ వీహెచ్ఎఫ్‌కి పొట్టి. మిగతావన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే గళ్ళుగళ్ళుగా విరిగిపోతోందంటే తప్పు టీవీది కాదు, యాంటెనా పొడవుది.

లెక్క చూడండి: 8వ ఛానెల్ సుమారు 183 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు 1.64 మీటర్లు, అందులో సగం 82 సెంటీమీటర్లు. కుందేలు చెవుల యాంటెనా అయితే ఒక్కో చెవిని 41 సెంటీమీటర్ల దాకా లాగి, అడ్డంగా చాచి, చెవుల వెడల్పు దక్షిణం వైపు చూసేలా పెట్టండి. అది చాలకపోతే అటకమీద వీహెచ్ఎఫ్ కడ్డీలున్న యాంటెనా బిగించి, ఆర్‌జీ6 రకం టీవీ కేబులు దింపండి. రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ సుమారు 3.5 డెసిబెల్ తినేస్తుంది, అక్కర్లేకపోతే తీసేయండి. యాంప్లిఫయర్ పెడితే యాంటెనా దగ్గరే పెట్టాలి. టీవీ వెనక పెడితే కేబుల్లో కలిసిన రొదని కూడా పెద్దది చేస్తుంది. నాసిరకం ఎల్ఈడీ బల్బులు వీహెచ్ఎఫ్‌ని పాడుచేస్తాయి, ఒక్కోటి ఆర్పి చూడండి.

ఈఎస్‌పీఎన్, ఎస్‌ఈసీ నెట్‌వర్క్ యాంటెనాకి రావు. అయినా 2025 అక్టోబర్ 30 నుంచి నవంబర్ 14 దాకా డిస్నీకీ యూట్యూబ్ టీవీకీ చెడి ఏబీసీ కూడా పోయినప్పుడు, యాంటెనా ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో కనీసం ఏబీసీ ఆట ఆడింది.

మీటర్‌బ్యాండ్:
తాతగారి సంగతి. జట్టు రేడియో వ్యాఖ్యానానికి వర్సిటీ నెట్‌వర్క్ అనే ఉచిత ఆప్ ఉంది, ఫోన్లో వేసి ఏ అండ్ ఎమ్ ఎంచుకుని పెట్టండి. డేటాకి భయపడక్కర్లేదు: 64 కిలోబిట్ ధ్వని గంటకి 29 ఎంబీ, మూడున్నర గంటల ఆటకి 100 ఎంబీ. మన 11 గంటల ఆట గుంటూరులో శనివారం రాత్రి 9:30కి, 2:30ది అర్ధరాత్రి దాటి 1కి, సాయంత్రం 6:30ది ఆదివారం తెల్లారి 5కి. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు మారాక అన్నిటికీ ఒక గంట కలపండి. పెందరాళే లేచే తాతగారికి రాత్రి ఆటే నయం.

ఆకాశవాణిలో క్రికెట్ వినే చెవికి ఇది తొందరగానే పట్టుబడుతుంది. 'థర్డ్ అండ్ సెవెన్' అంటే మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు వెళ్ళాలన్నది ఒక్కటి చెప్తే మిగతాది ఆయనే అల్లుకుంటారు.

మీకు కారులో వినాలంటే డాలస్ అనుబంధ స్టేషన్ ఏదో జట్టు సైటులో జాబితా చూడండి. ఏఎమ్ అయితే సూర్యాస్తమయం తర్వాత చాలా స్టేషన్లు పవర్ తగ్గిస్తాయి, లేదా ఒక దిక్కుకే పంపిస్తాయి. ఏ అండ్ ఎమ్ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్ళోని 1620 డబ్ల్యూటీఏడబ్ల్యూ రేడియో పగలు 10 కిలోవాట్లు, రాత్రి 1 కిలోవాటు. ఇంట్లో ఏఎమ్ గరగరలాడితే రేడియోనే నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, లోపలి యాంటెనా, అంటే ఫెర్రైట్ కడ్డీ, స్టేషన్ దిక్కుకి అడ్డంగా నిలిచినప్పుడు బాగా పట్టుకుంటుంది. హెచ్‌డీ రేడియోలో (మామూలు ప్రసారంతోపాటు డిజిటల్ కూడా వచ్చేది) మాట ఉన్నట్టుండి ఎనిమిదేసి సెకన్లు ముందుకీ వెనక్కీ గెంతితే సెట్టు పాడైందనుకోకండి. ఆట సమయంలో స్టేషన్లు మామూలు ప్రసారానికి డిజిటల్‌తో కలిసేలా పెట్టిన ఆలస్యం తీసేస్తాయి, డిజిటల్‌కి అది పోదు, మీ రేడియో రెండిటి మధ్యా ఊగుతోంది. హెచ్‌డీ ఆపేయండి.

ఈ జట్టుకి రేడియో కొత్తేమీ కాదు లెండి. 1921 నవంబర్ 24న టెక్సస్ విశ్వవిద్యాలయంతో ఆటని కాలేజ్ స్టేషన్ నుంచి మోర్స్ టక్కుటక్కుల్లో ఆస్టిన్‌కి పంపారు. అంత తంటాలు పడి పంపిన ఆట 0-0!

ఫ్రిస్కో_శనివారం:
అందరికీ చాలా థాంక్సండీ. యాంటెనా_మామా, ఒక్కటి మిగిలింది. యాంటెనా టీవీ, రేడియో ఆప్ అనుకుందాం. అప్పుడు రేడియో వెనక, టీవీ ముందు. యాంటెనా టీవీని పాజ్ చేసేదెలా?

యాంటెనా_మామ:
టీవీకి నేరుగా గుచ్చితే చాలా సెట్లలో కుదరదు. యాంటెనా కేబుల్ని రికార్డు చేసే ట్యూనర్ పెట్టెకి ఇచ్చి, అక్కణ్ణుంచి టీవీకి తీసుకోండి. హెచ్‌డీహోమ్‌రన్, టాబ్లో లాంటివి ఆ పనికే. డిస్కు ఉందో లేదో, లైవ్ ఛానెల్‌కి పాజ్ పనిచేస్తుందో లేదో కొనేముందు చూడండి. ఆట మొదలవ్వకముందే ఒక నిమిషం పాజ్‌లో పెట్టి వదిలేస్తే, రేడియో వైపు ఎంత తేడా వచ్చినా కొంచెం కొంచెంగా ముందుకి జరుపుకుంటూ కలిపేయొచ్చు.