జబ్బుపడ్డ ఖైదీని మంచానికి కట్టేయొచ్చా? కప్పన్ కేసు గురించి ఒక డౌట్

ఓరుగల్లు_పిల్ల:
జర్నలిజం పీజీ చేస్తున్నా. వచ్చే వారం క్లాసులో సిద్దిక్ కప్పన్ కేసు మీద మాట్లాడాలి. 2020 అక్టోబర్ 5న దళిత యువతిపై అత్యాచారం వార్త కోసం యూపీలోని హాథ్రస్ వెళ్తుంటే మథుర దగ్గర పట్టుకుని ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) పెట్టిన మలయాళీ రిపోర్టర్. చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 2021 ఏప్రిల్‌లో జైల్లో కోవిడ్ వస్తే మథుర హాస్పిటల్లో చేర్చారు, అక్కడ పశువును కట్టేసినట్టు గొలుసుతో మంచానికి కట్టేశారని, నాలుగు రోజులకు పైగా తిండి లేదు, బాత్రూమ్‌కి కూడా వెళ్లలేకపోతున్నారని ఆయన భార్య చీఫ్ జస్టిస్‌కి లేఖ రాశారు. ఇది ఇంట్లో చెప్తే మా నాన్న "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అనేసి టీవీ సౌండ్ పెంచారు. అసలు ఇలా కట్టేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ప్లీడర్_గారు:
ఒప్పుకోదమ్మా. 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ మామూలుగా బేడీలు వేయకూడదని తేల్చేశారు. నీ క్లాసుకి పనికొచ్చేది మాత్రం 1995 నాటి అస్సాం కేసు. టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) కింద పట్టుకున్న ఏడుగురిని హాస్పిటల్లో బేడీలు వేసి, పైగా తాడుతో కట్టేసి ఉంచితే, అది చూసిన ఒకాయన సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా బేడీలు వేయకూడదని తీర్పిచ్చారు. రాసింది ఎవరనుకున్నావు? కులదీప్ నయ్యర్. ఎమర్జెన్సీలో తానే జైలుకెళ్లొచ్చిన జర్నలిస్టు. 26 ఏళ్ల తర్వాత మళ్లీ ఇంకో జర్నలిస్టు మంచం దగ్గరే అదే ఆరోపణ. ఇంకోటి, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 43(3) కింద ఉగ్రవాదం లాంటి కేసుల్లో అరెస్టు చేసేటప్పుడు, కోర్టుకి తెచ్చేటప్పుడు బేడీలు వేయొచ్చన్నారు. ఆస్పత్రి మంచం మాట అందులో లేదు.

నిజం_నిష్ఠూరం:
కప్పన్‌కి పీఎఫ్‌ఐతో (పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా, తర్వాత కేంద్రం నిషేధించిన సంస్థ) లింకులున్నాయని యూపీ పోలీసులు 5000 పేజీల చార్జిషీటు వేశారుగా. ప్రెస్ కార్డు ఉంటే అందరూ అమాయకులేనా?

ప్లీడర్_గారు:
తమ్ముడూ, తేల్చాల్సింది కోర్టు. ఆలోపు మనిషి ఒంటికి జ్వరమొస్తే మందివ్వాలి, కాలకృత్యాలకు వెళ్లనివ్వాలి, అంతే కదా అడిగేది. 2021 ఏప్రిల్ 28న మన ఎన్వీ రమణ గారి బెంచ్ కూడా అదే చెప్పింది, విచారణ ఖైదీకీ బతికే హక్కుందని చెప్పి మెరుగైన వైద్యం కోసం ఢిల్లీకి తరలించమంది. ఆయన చీఫ్ జస్టిస్ అయ్యి అప్పటికి నాలుగు రోజులే.

ఇసుక_రీచ్_విలేకరి:
అమ్మాయ్, మీ నాన్నగారికి నా సంగతి చెప్పు. నేను మండల కంట్రిబ్యూటర్ని. ఇసుక ట్రాక్టర్ల మీద వార్త రాసినందుకు పొద్దున తొమ్మిదికి స్టేషన్‌కి రమ్మన్నారు, ఫోన్ లాక్కున్నారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా బల్ల మీద కూర్చోబెట్టారు, ఎందుకో చెప్పలేదు, కేసూ రాయలేదు. నేను భయపడింది వాళ్లకి కాదు. మా ఆఫీసుకి ఫోన్ చేస్తే "ఆయన మా ఉద్యోగి కాదండీ, లైనుకింత ఇచ్చే కంట్రిబ్యూటర్" అన్నారట, అది ఎస్సై గారే నవ్వుతూ నాకు చెప్పారు. కప్పన్‌కి కనీసం కేరళ జర్నలిస్టుల యూనియన్ ఉంది, అరెస్టయిన వెంటనే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మనకెవరున్నారు?

ఓరుగల్లు_పిల్ల:
సార్, మీది పేరు లేకుండా క్లాసులో చెప్పొచ్చా? ఇంకోటి, సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 9న బెయిలిస్తే 2023 ఫిబ్రవరి 2 దాకా ఎందుకు బయటికి రాలేదు?

ఇసుక_రీచ్_విలేకరి:
చెప్పమ్మా. ఊరి పేరు మాత్రం వద్దు.

ప్లీడర్_గారు:
ఈలోపు ఈడీ పెట్టిన మనీ లాండరింగ్ కేసు ఉంది కదా. దాంట్లో డిసెంబర్ 23న హైకోర్టు బెయిలిచ్చాక కూడా నెల పైనే పట్టింది. జామీనుదారుల సంగతీ చూడు. స్థానికులు ఇద్దరు కావాలంటే ఆ భయానికి ఎవరూ ముందుకి రాలేదు, చివరికి లక్నో యూనివర్సిటీ మాజీ వీసీ రూప్ రేఖా వర్మ, 79 ఏళ్ల పెద్దావిడ, తన కారు కాగితాలు పెట్టి జామీనిచ్చారు. అన్నట్టు ఆ రోజు కారు నడిపిన డ్రైవర్ కూడా ఉపా కిందే లోపలికెళ్లాడు, ఆ కేసులో అతనికి బెయిలొచ్చింది 2022 ఆగస్టులో. అతని పేరు మీ క్లాసులో ఎంతమందికి తెలుసో అడిగి చూడు.