నది ఒడ్డు పార్కులో సామూహిక శిబిరాలు: ఏర్పాట్లు ఎలా ఉండాలి?

ప్రశ్న (గట్టువాసి):
నమస్కారం. విజయవాడకు ఎగువన, కృష్ణ ఒడ్డున మా ఊరికి 4 ఎకరాల పార్కు ఉంది. కార్తీక వనభోజనాలకు తప్ప అక్కడికి ఎవరూ పెద్దగా రారు. స్కౌట్లు, ఎన్‌.ఎస్‌.ఎస్‌. విద్యార్థులు, కాలనీ సంఘాలవారు 40, 50 మంది కలిసి వచ్చి రెండు రాత్రులు గుడారాల్లో బస చేసేందుకు వీలుగా దాన్ని తీర్చిదిద్దాలని మా కమిటీ సంకల్పించింది. ఆరు కాంక్రీటు కాటేజీలు, ఒక వంటశాల, పడవ ఎక్కేందుకు మెట్లు చూపుతూ ఇప్పటికే నమూనా కూడా గీయించారు. నాకు మాత్రం ఈ నమూనా మీద నమ్మకం కుదరడం లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు (విశ్రాంత ఇంజినీరు, నీటిపారుదల):
మీ సందేహం సరైనదే. ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది జారీ చేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, అంటే రెండో హెచ్చరికకు రెండింతలు. భవానీ ద్వీపం కూడా అప్పుడు నీట మునిగింది. మీ పార్కు ప్రహరీ మీద నాటి ఒండ్రు చార చెరిగిపోకుండా ఉంటే, దాని ఎత్తు కొలవండి. ఎగువనున్న పులిచింతల జలాశయం నుంచి వదిలే నీటి సంగతి మనకు కొన్ని గంటల ముందే తెలుస్తుంది గానీ, దానికి దిగువన కృష్ణలో కలిసే మున్నేరును పట్టి ఉంచే పెద్ద జలాశయమేదీ లేదు కనుక, ఖమ్మం వైపు రాత్రి కుండపోతగా కురిస్తే ఆ నీరు నేరుగా మీ మీదికే వస్తుంది. జూలై నుంచి అక్టోబరు చివరి వరకు రాత్రి బసను పూర్తిగా నిషేధించి, మిగిలిన నెలల్లోనూ తుపాను హెచ్చరిక ఉంటే బుకింగులు రద్దు చేయాలి. మెట్ల మాట ఇప్పట్లో ఎత్తకండి.

జవాబు (స్కౌట్ మాస్టరు):
ఇంజినీరు గారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. శిబిరానికి వచ్చేవారికి కాటేజీలు అక్కరలేదు. మెరక చేసి గట్టిపరచిన నేల, తాగునీరు, వెలుతురు ఉన్న మరుగుదొడ్లు కావాలి. ఇసుక నేలలో గుడారపు మేకులు గాలికి ఊడివస్తాయి. మేము ఇసుక నింపిన గోనెసంచికి తాడు కట్టి మోచేతి లోతున పూడుస్తాము. అలాంటి నేలలో ఇంకుడు గుంట మరుగుదొడ్లు కడితే మురుగు నదిలోకే చేరుతుంది కాబట్టి, ట్యాంకరుతో తోడించగలిగే మూతగల ట్యాంకు తప్పనిసరి. అన్నిటికంటే ముందు పొయ్యిల సంగతి చూడండి. మా బడి పక్కన తోటలో వనభోజనాలకు వచ్చినవారు ఉసిరిచెట్టు మొదట్లోనే మూడు రాళ్లు పెట్టి వండారు. బెరడు అరచేతి వెడల్పున నల్లబడింది, ఆ వైపు కొమ్మ మరి చిగురించలేదు. చెట్లకు దూరంగా రెండు మూడు ఇటుక పొయ్యిలు కట్టిస్తే ఈ బాధ తప్పుతుంది. (పులిహోర ఇంటి నుంచే తెచ్చుకునే సంఘాలకు ఆ అవసరమూ ఉండదనుకోండి.)

జవాబు (డాలస్ నుంచి):
ఇక్కడి స్టేట్ పార్కుల్లో ఒక బృందానికి ఒక స్థలం కేటాయించి, ఎంతమంది ఉండవచ్చో ముందే నిర్ణయిస్తారు. రాత్రి పొద్దుపోయాక సద్దు చేయకూడదు. ఈ పద్ధతి మీరు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అయితే ఇక్కడివారికీ నది విషయంలో పాఠం చాలా ఖరీదుగా అందింది. 2025 జూలై 4 తెల్లవారుజామున మా టెక్సస్‌లోని గ్వాడలూపే నది సుమారు 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. ఒడ్డునున్న ఒక్క బాలికల శిబిరంలోనే బాలికలు, వారిని చూసుకునే కౌన్సెలర్లు కలిపి 27 మంది చనిపోయారు. మీ కాపలాదారు చేతికి సెల్‌ఫోనుతో పాటు, కరెంటుతో పని లేకుండా చేత్తో తిప్పే సైరను కూడా ఇవ్వండి. మెరక వైపు వెళ్లే దారిని ప్రతి బృందాన్నీ వచ్చిన రోజు పగటిపూటే ఒకసారి నడిపించండి.

గట్టువాసి:
అందరికీ కృతజ్ఞతలు. ప్రహరీ మీది చారను నిన్న కొలిచాము. అది నేల నుంచి 5 అడుగుల 4 అంగుళాల ఎత్తున ఉంది. కాటేజీల నమూనాలో గచ్చు ఎత్తు 2 అడుగులు. ఈ రెండు అంకెలనూ ఆదివారం కమిటీ ముందు పెడతాను.