ఏడాదిలో బైబిల్ మొత్తం చదివితే దేవునికి దగ్గరవుతామా?

టిక్కుల_డైరీ:
అందరికీ వందనాలు. మూడేళ్లుగా ఏడాది ప్లాన్ ప్రకారం బైబిల్ చదువుతున్నాను. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో. మూడుసార్లు పూర్తయింది. చదివిన ప్రతి అధ్యాయానికీ డైరీలో టిక్ ఉంది.

మొన్న పాత డైరీ తిరగేస్తూ ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. నాన్నగారిని ఐసీయూలో చేర్చిన రోజు అది. ఆ రోజు కూడా టిక్కులున్నాయి: కీర్తనలు 86, 87, 88. చదివినవాటిలో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇప్పుడు 88 తీసి చూస్తే, ఆ రాత్రి వరండాలో కూర్చుని నేను లోలోపల అనుకున్న మాటలే అందులో ఉన్నాయి. రాత్రింబగళ్లు మొరపెడుతున్నాను, నా వాళ్లను దూరం చేశావు, నీ ముఖం ఎందుకు దాచుకున్నావు అని. ఆ కీర్తన అప్పుడు నా చేతిలోనే ఉంది. వేలితో ఫోన్ తెర జరుపుకుంటూ దాటేశాను.

ప్లాన్ మానేసి నెలకొక అధ్యాయం చదువుకుందామనిపిస్తోంది. తప్పంటారా?

ఆది_నుంచి:
మానేయకండి బ్రదర్. ఆ రోజు మీ మనసు అక్కడ లేదు, అది ప్లాన్ తప్పెలా అవుతుంది? ఐసీయూ బయట కూర్చున్నవాడు ఏం చదివినా బుర్రకెక్కదు.

ప్లాన్ లేకపోతే ఏం జరుగుతుందో నన్నడగండి. పదేళ్లపాటు నచ్చిన వచనాలే చదివాను. యిర్మీయా 29:11 గోడకు తగిలించుకున్నాను, సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ, అన్నీ నాకేనని. క్రమంగా చదువుతూ ఆ అధ్యాయానికి వచ్చాకే దాని పైవచనం కంటపడింది. 70 ఏళ్లు! అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఇప్పట్లో తిరిగిరారు అని చెప్పే ఉత్తరం. అది విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మాట నెరవేరకముందే పోయుంటారు. పై వచనం చదవకుండా పదేళ్లు దాన్ని నా ప్రమోషన్‌కి వాడుకున్నాను.

నచ్చిన చోటే ఆగేవాడికి తన మనసులో ఉన్నదే వినిపిస్తుంది. బలుల నియమాలతో నిండిన లేవీయకాండము దగ్గర విసుగొచ్చినా కూర్చునేవాడికే ఎదుటివాడి మాట చెవిన పడుతుంది.

గువ్వ_గొంతు:
అన్నగారూ, మీ 29:11 సంగతి ఒప్పుకుంటాను. కానీ లేఖనం అడిగిన చదువు మనం చేస్తున్నదేనా?

యెహోషువ 1:8లోనూ మొదటి కీర్తనలోనూ 'ధ్యానించు' అని మనం చదివే చోట, పాత నిబంధన మూలభాష హెబ్రీలో ఉన్న మాట 'హగా'. ధ్యానం అనగానే మనకు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం గుర్తొస్తుంది. ఆ మాటలో శబ్దం ఉంది. యెషయా 31:4లో వేట మీద కూర్చున్న సింహం గుర్రుమనడానికీ అదే మాట, 38:14లో గువ్వ మూలగడానికీ అదే మాట. అంటే నోట్లో నోట్లో గొణుక్కోవడం, వదలకుండా. దేవుడు యెహోషువతో ధర్మశాస్త్ర గ్రంథం నీ నోటి నుంచి తొలగిపోకూడదు అనడం అందుకే అనుకుంటాను. సింహం రోజుకు నాలుగు జింకల చొప్పున టిక్కులు పెట్టుకోదు కదా.

తోమా_తమ్ముడు:
ఇదుగో, మొదలైంది. ఫోన్ యాప్‌లో ఒక హెబ్రీ మాట నొక్కితే మూడు నిమిషాల్లో అందరం పండితులమే. (అక్కా, మీరని కాదు. నా గురించే.)

రెండేళ్లు కొత్త నిబంధన మూలభాష గ్రీకు మాటల వెంట పడ్డాను. మా బైబిల్ స్టడీలో ఒక పెద్దాయన 'ప్రేమ' గురించి ఏదో చెబుతుంటే మధ్యలో ఆపి, ఆ క్రియ ఇక్కడ వేరు, అక్కడ వేరు అని సరిదిద్దాను. ఆయన పుస్తకం మూసేశాడు. తర్వాతి వారం రాలేదు. జ్ఞానం ఉప్పొంగజేస్తుంది, ప్రేమ క్షేమాభివృద్ధి కలిగిస్తుంది అనే 1 కొరింథీ 8:1 అప్పటికే నాకు కంఠతా వచ్చు. అదీ తమాషా.

యోహాను 5లో యేసు మాట్లాడింది లేఖనాలు పరిశోధించేవాళ్లతోనే. అంత చదివీ నా దగ్గరికి రారు అన్నాడు. వేగంగా చదివినా నెమ్మదిగా చదివినా ఆ ప్రమాదం తప్పదు. మీ ఇద్దరి గొడవ స్పీడు గురించి. నా భయం వేరు: చదువే దేవుడి చోట కూర్చుంటే?

వినేదాన్ని:
నేనొకటి అడగనా? మీరంతా చదువు వచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. నేను స్కూల్ నుంచి రాగానే కూర్చోబెట్టి ఒక అధ్యాయం చదివించుకునేది. నేను తొందరపడి ఒక వరుస మింగేస్తే "అక్కడేదో పోయింది, మళ్లీ చదువు" అనేది. పుస్తకం చూడకుండానే! ఎప్పుడో విన్నది మనసులో పెట్టుకుంది కాబట్టి పోయిన వరుస తెలిసిపోయేది.

ప్రకటన 1:3 చూడండి. చదివేవాడు ఒక్కడు, వినేవాళ్లు చాలామంది. అచ్చు యంత్రం రాకముందు ఎవరింట్లో 66 పుస్తకాలు ఉన్నాయి? మనం ఆగి లెక్కపెట్టుకునే వచనాల అంకెలు కూడా కొత్త నిబంధనలో 1551లోనే వచ్చాయి. వాళ్లకు టిక్కులు పెట్టుకునే గడులే లేవు.

టిక్కుల_డైరీ గారూ, 88ని ఈసారి పైకి చదవండి. దాని శీర్షికలో హేమాను అనే ఆయన పేరుంది, పాడటానికి రాసింది. ఒంటరిగా తెర మీద చూడాల్సింది కాదు.

ఆది_నుంచి:
సిస్టర్, అమ్మమ్మగారి సంగతికి నా దగ్గర జవాబు లేదు.

గువ్వ గారి సింహానికి మాత్రం ఒకటుంది. చాలామంది వాడే రోజుకు నాలుగు అధ్యాయాల పట్టిక స్కాట్లాండ్ పాస్టర్ రాబర్ట్ మరీ మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఇచ్చింది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు. నేనూ అదే వాడతాను. ఆ పట్టికతోపాటే దాని ప్రమాదాలూ ఆయనే రాశాడు: ఆచారంగా మారిపోవడం, స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడిగా తోచడం. మన గొడవంతా ఆయనకు ముందే తెలుసు. అయినా పట్టిక ఆపలేదు. మరుసటి ఏడాదే, 29 ఏళ్లకు, చనిపోయాడు.

గువ్వ_గొంతు:
ప్రమాదాలు తెలిసీ ఇచ్చాడంటే సరే. మనం పట్టిక ఉంచుకుని ప్రమాదాల కాగితం పారేశాం, అదే నా బాధ.

ఎజ్రా 7:10లో వరుస ఉంది కదా: పరిశోధించడం, దాని ప్రకారం చేయడం, తర్వాత నేర్పడం. తోమా తమ్ముడూ, నువ్వు మధ్యది దాటేసి మూడోదానికి దూకావు. ఆ పెద్దాయనకు ఫోన్ చేశావా?

తోమా_తమ్ముడు:
లేదక్కా. చేస్తాను.

టిక్కుల_డైరీ:
ఆలస్యానికి క్షమించండి. వినేదాన్ని గారు చెప్పినట్టు 88ని నాన్నగారికి పైకి చదివాను. ఆయన కోలుకుని ఇంటికొచ్చి చాలాకాలమే అయింది, ఆ రోజుల గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. చీకటే చుట్టమైందని కీర్తన ముగుస్తుంది. ఓదార్పు మాట ఏమీ లేకుండా అక్కడితో ఆపేస్తాడు. నాన్నగారు "అంతేనా?" అన్నారు. అంతే అన్నాను. కాసేపాగి, "మొదటి వరుస మళ్లీ చదువు" అన్నారు. అందులో 'నా రక్షణకర్తవైన దేవా' అని ఉంది. ఆ కీర్తన మొత్తంలో ఆశ ఉన్న మాట అదొక్కటే. నేను గమనించలేదు, ఆయన వింటూ పట్టుకున్నారు. ఆ తర్వాత ఐసీయూలో తనకేం గుర్తుందో మొదటిసారి చెప్పారు.

నాలుగు రోజులుగా అదే కీర్తన చదువుతున్నాం. ప్లాన్‌లో పద్నాలుగు అధ్యాయాలు వెనకబడ్డాను. ఎందుకో టెన్షన్ లేదు.

ఆది_నుంచి:
ఆ పద్నాలుగూ ఎక్కడికీ పోవులెండి. కానీ 89 మాత్రం వదలకండి. దాన్ని 88 పక్కనే పెట్టారు, యెహోవా కృపను నిత్యం పాడతాను అని మొదలవుతుంది.

టిక్కుల_డైరీ:
చూశానండి. అదీ సగం దాటాక ఫిర్యాదే. నాన్నగారికి రేపు చదువుతాను.