'అన్‌ఏలియనబుల్' అంటే 'హరించరాని' అంటే సరిపోతుందా?

అమెరికాలో ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు మొన్న వీడియోకాల్‌లో ఒక వాక్యం చదివి, దీన్ని తెలుగులో ఎలా చెప్తారు తాతయ్యా అని అడిగింది. 1776 జులై 4న ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే అక్కడి బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభ, ఆమోదించిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోది. మనుషులంతా సమానంగా పుట్టారని, సృష్టికర్త వాళ్ళకి కొన్ని 'అన్‌ఏలియనబుల్' హక్కులిచ్చాడని, ప్రాణం, స్వేచ్ఛ, ఆనందాన్ని వెతుక్కోవడం అందులోవేనని. అంతా చెప్పగలిగాను గాని ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

మామూలుగా 'హరించరాని హక్కులు' అని రాస్తుంటారు. నాకది చాలదనిపిస్తోంది. హరించేవాడు ఎప్పుడూ ఎదుటివాడే కదా. ఈ మాట చెప్పేది ఇంకోటి: హక్కున్నవాడు తానే ఇష్టపడి రాసిచ్చినా అది చెల్లదని.

నేను ముప్ఫై ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. 'ఏలియనేషన్' ఆస్తి చట్టంలో మాట, అంటే ఆస్తిని ఇంకొకరి పరం చేయడం. విక్రయ దస్తావేజులో 'మీరు పుత్ర పౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించుకొనగలవారు' అని రాస్తాం. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమికి మా రోజుల్లో ఇందులో మొదటి సగమే ఉండేది, వారసులకి వస్తుంది గాని అమ్మడానికి లేదని షరతు. అన్‌ఏలియనబుల్ అంటే సరిగ్గా అదే! వర్జీనియాలో జార్జ్ మేసన్ ముఖ్యంగా రాసి, అంతకు మూడు వారాల ముందు జూన్ 12న ఆమోదం పొందిన హక్కుల ప్రకటన చూడండి, మనుషులు ఏ ఒప్పందంతోనూ తమ సంతానానికి ఆ హక్కులు లేకుండా చేయలేరని ఉంటుంది. అచ్చం దస్తావేజు భాష.

ఆ వలసల వాళ్ళకి ఈ మాట ఎందుకు కావలసొచ్చిందంటే, 1766లో వాళ్ళ మీద పన్ను వేసిన స్టాంపు చట్టాన్ని రద్దు చేసిన బ్రిటిష్ పార్లమెంటే అదే సమయంలో ఇంకో చట్టం తెచ్చి, వలసల మీద ఏ విషయంలోనైనా సరే శాసనం చేసే అధికారం మాకుందని ప్రకటించుకుంది. మీ తాతలు రాజుగారి పట్టాలతోనే కదా అక్కడికి వెళ్ళింది, అందుకని మీరు లోబడాల్సిందే అంటే ఏం చెప్పాలి? మా తాతలు ఏం రాసిచ్చినా స్వేచ్ఛని మాత్రం రాసివ్వలేరు, అది అమ్ముడుపోయే సరుకు కాదు అని చెప్పాలి. 'హరించరాని' అంటే ఈ వాదన బలమంతా పోతుంది.

అందుకే 'అన్యాక్రాంతం కాని హక్కులు' అందామనుకుంటున్నాను. ఏమంటారు?

వ్యాఖ్య: బాబాయిగారూ, మీ వివరణ చాలా బాగుంది కానీ ఆ మాటతో చిక్కుందండీ. పేపర్లో 'చెరువు భూములు అన్యాక్రాంతం' అని చదివితే ఎవరో కబ్జా చేశారనే అనుకుంటాం, సొంతదారు అమ్మాడని అనుకోం. మీరు వద్దన్న అర్థమే మళ్ళీ వచ్చింది. 'జన్మహక్కు' అంటే సరిపోదా? పిల్లకి కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

జవాబు: అన్యాక్రాంతం గురించి మీరన్నది నిజమేనమ్మా. దస్తావేజుల్లో ఉండే అర్థం నా చెవిలో ఉండిపోయింది, బయట ఆ మాట మారిపోయింది. ఒప్పుకుంటున్నాను.

జన్మహక్కు మాత్రం వద్దు. జన్మహక్కునీ అమ్ముకోవచ్చు. బైబిల్లో ఏశావు ఆకలేసి తన జ్యేష్ఠత్వాన్ని, అంటే పెద్దకొడుకుగా పుట్టినందుకొచ్చే హక్కుని, తమ్ముడు యాకోబుకి చిక్కుడుకాయల వంటకానికి అమ్మేశాడు, ఆ వలసల జనానికి బాగా తెలిసిన కథే అది. పైగా ఈ ప్రకటన రాసిన జెఫర్సన్ చిత్తుప్రతిలో 'ఇన్హెరెంట్ అండ్ ఇన్‌ఏలియనబుల్' అని రెండు మాటలున్నాయి, పుట్టుకతో వచ్చేది ఒకటి, వదిలించుకోలేనిది ఇంకొకటి. కాంగ్రెస్ మొదటిది తీసేసి రెండోదే ఉంచింది. ('ఇన్' అన్నా 'అన్' అన్నా అర్థం ఒకటే, జెఫర్సన్ స్మారకం గోడ మీద 'ఇన్' అనే ఉంది.)

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఇది రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నాడు. వాళ్ళ మీద దాన వినిమయ విక్రయాది సర్వహక్కులూ ఆయనవే. బానిస వ్యాపారానికి బ్రిటన్ రాజుని తప్పుపడుతూ ఆయన చిత్తుప్రతిలో రాసిన భాగాన్ని కాంగ్రెస్ కొట్టేసింది. ఆ వాక్యాన్ని ఆస్తి భాషలో చదివితేనే ఈ బాధ తెలుస్తుంది, మనుషుల్ని అమ్ముతూ కొంటూ ఉన్న చోట 'అమ్మకూడనివి' అన్నారు. ఇదీ పిల్లకి చెప్పాలనుకుంటున్నాను.

మన 1930 జనవరి 26 పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ ఇంగ్లీషు పాఠంలో కూడా ఇదే మాట ఉంది, స్వాతంత్ర్యం భారత ప్రజల 'ఇన్‌ఏలియనబుల్' హక్కు అని. ఆనాటి తెలుగు ప్రతిలో దీన్ని ఏమన్నారో ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి.

ప్రస్తుతానికి మనవరాలికి ఇలా రాసి పంపాను: 'తమంతట తాము ఇచ్చేద్దామన్నా ఇవ్వడానికి వీల్లేని హక్కులు.' పొడుగైందని తెలుసు.