ఇండోప్లానార్బిస్ నత్త: చెరువులవారీ పటం గీయడం ఎలా?

జమ్ముగట్టు: ఉమ్మడి వరంగల్ చెరువుల్లో ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ ఎక్కడెక్కడ ఉందో పటం కావాలి. పశువుల ముక్కులో చేరి గురక పెట్టించే షిస్టోసోమా నాసాలే అనే పరాన్నజీవి పురుగుకి ఇదే ఆశ్రయం కదా. ఒక్కో చెరువులో ఎక్కడ వెతకాలి? దొరకని చోట ఏం రాయాలి?

తూముకాలువ: చెరువుకి మూడు చోట్లు: పశువుల రేవు, తూము కింద కాలువ, అలుగు పక్క జమ్ము. నడి చెరువు జోలికి పోవద్దు, ఈ నత్త కలుపున్న ఒడ్డునే పట్టుకుని ఉంటుంది. చోటుకి ఒక్క మనిషి, 20 నిమిషాలు, గడియారం చూసుకుని. ఒకచోట గంట, మరోచోట పది నిమిషాలు వెతికితే ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు. వల కన్ను 2 మి.మీ. మించితే పిల్లనత్తలు జారిపోతాయి. గుర్రపుడెక్క వేళ్లు దులపండి, తామరాకు అడుగు తిప్పి చూడండి. దొరక్కపోతే పట్టికలో 0 వెయ్యండి. గడి ఖాళీగా వదిలితే అసలు వెతకలేదని అర్థం. మే నెల సున్నాని మాత్రం నమ్మొద్దు, ఎండిన బురదలో దాక్కుని ఉంటాయి. వానలు పడ్డాక మళ్లీ చూడాల్సిందే.

గుల్లలపెట్టె: చిన్న ఇండోప్లానార్బిస్‌ని గైరాలస్ అనే వేరే నత్త అనుకునే ప్రమాదం ఉంది. రెండూ చదునైన చుట్టలే, కానీ గైరాలస్ బాగా పలుచన, కొన్ని మి.మీ. మించదు. ఖాళీ గుల్లలకి వేరే గడి పెట్టండి, కాలువ నీళ్లు వాటిని ఎక్కడినుంచో మోసుకొస్తాయి. నమూనాని మెంథాల్ చల్లిన నీళ్లలో రాత్రంతా ఉంచితే ఒళ్లు చాపుకుంటుంది, ఆ తర్వాత 95 శాతం ఇథనాల్‌లో వెయ్యండి. ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. సీసాలోపలి చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. చేతులకి తొడుగులు, కాళ్లకి గమ్‌బూట్లు తప్పనిసరి. నత్తలోంచి బయటికొచ్చే సెర్కేరియాలు (పురుగు పిల్లలు) ఒంటికి తగిలితే దురదే.

చుక్కలపటం: పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోకి ఎక్కించేముందు అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమో చూసుకోండి. 17.9, 79.6 తిరగబడితే వరంగల్ చుక్కలు స్వాల్‌బార్డ్ మంచులో తేలతాయి! ఎక్సెల్ దశాంశాల్ని రెండుకి కుదించి దాచినా చుక్క ముప్పావు కిలోమీటరు దాకా జరిగి పక్క చెరువులో పడొచ్చు. ఐదు స్థానాలు ఉంచండి. పాత మ్యూజియం రికార్డుల్లో 'వరంగల్' అని మాత్రమే ఉంటే దాన్ని ఊరి నడిబొడ్డున గుచ్చేస్తారు. అలాంటివి జిల్లా పటానికి సరే, చెరువుల పటంలోంచి తీసెయ్యండి.

తూముకాలువ: ఇంకో మాట. రోడ్డు పక్క చెరువులే చూస్తే చివరికి వచ్చేది రోడ్ల పటమే. పటం మీద 5 కి.మీ. గడులు గీసి, గడికి రెండు చెరువులు చీటీలు తీసి ఎంచుకోండి.