ఆర్15 వీ3 అమ్మి వీ4కి మారొచ్చా?

అన్నలూ, ఒక సలహా కావాలి. మాది కావలి. నా దగ్గర 2018 మోడల్ యమహా ఆర్15 వీ3 బైక్ ఉంది. ఇంజిన్ ఇప్పటికీ గట్టిగానే ఉంది, హైవే మీద నెల్లూరు దాకా ఆపకుండా లాగుతుంది. సమస్యల్లా ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసేది) లేకపోవడమే. మొన్న తుమ్మలపెంట రోడ్డులో రొయ్యల లారీ కార్చిన నీళ్ల మీద బ్రేక్ వేస్తే వెనక చక్రం పాములా జారింది. పడలేదు కానీ అప్పట్నుంచి వాన చినుకు చూస్తేనే టెన్షన్.

దీని తర్వాతి వెర్షన్ వీ4లో డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ (రెండు చక్రాలకూ), ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వెనక చక్రం జారకుండా చూసేది), ముందు యూఎస్‌డీ ఫోర్క్ (తలకిందులుగా బిగించిన సస్పెన్షన్) ఉన్నాయి. కానీ ఇంజిన్ అదే 155 సీసీ. పైగా నా పాత బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) బండి పవర్ 19.3 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అయితే కొత్తది 18.4! డబ్బు పెట్టి పవర్ తగ్గించుకోవడమా అని మనసు పీకుతోంది. క్విక్ షిఫ్టర్ (క్లచ్ పట్టకుండానే గేరు మార్చేది) మన ఊరి ట్రాఫిక్‌లో దేనికిలెండి.

నాన్నేమో "నడిచే బండిని అమ్మడమెందుకురా" అంటున్నారు.

వీ3 నుంచి వీ4కి మారినవాళ్లు చెప్పండి: తడి రోడ్డు మీద తేడా నిజంగా తెలుస్తుందా? లేక మంచి టైర్లు వేయించుకుని పాతదే నడుపుకోమంటారా? ఏబీఎస్ లేని వీ3కి ఒంగోలు, నెల్లూరు వైపు ఎంత రేటు పలుకుతోంది?