లెక్క ఏదో, నాణెం ఏదో చెవికి ఎందుకు అందలేదు?

అనంతపురం మృదంగం:
చిన్నప్పుడు ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నా. ఇప్పుడు శ్రీరామనవమి పందిట్లో భజనలకు వాయించడమే. మా అమ్మాయి చెన్నైలో పియానో నేర్చుకుంటోంది. దసరా సెలవులకొచ్చి రెండు రచనలు వినిపించి పందెం కట్టింది. ఒకటి ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బూలెజ్ 1951-52లో రాసిన 'స్ట్రక్చర్స్' మొదటి పుస్తకంలోది. స్వరం, దాని నిడివి, గట్టిదనం అన్నీ లెక్కప్రకారమేనట. రెండోది అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1951లో నాణేలు ఎగరేసి రాసిన 'మ్యూజిక్ ఆఫ్ చేంజెస్'. "ఏది ఏదో చెప్పు నాన్నా" అంది. రెండుసార్లు విన్నా, రెండుసార్లూ తప్పే. (మొదటిదాంట్లో రెండు పియానోలుంటాయట, ఆ ముక్క ముందే చెబితే గెలిచేవాణ్ని!)

మృదంగంలో ముగింపుకు వాయించే ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది కదా. రెండోసారికే సమం (తాళంలో మొదటి దెబ్బ) ఎక్కడ పడుతుందో తెలిసిపోయి చేయి దానంతటదే లేస్తుంది. అంత లెక్కున్న బూలెజ్ దగ్గర నా చేయి ఎందుకు లేవలేదు?

కడప శ్రోత:
ముక్తాయింపు మళ్లీ వస్తుంది కాబట్టి లేస్తుందన్నా. బూలెజ్ లెక్కలో పన్నెండు స్వరాల వరుస అయిపోయేదాకా ఏ స్వరమూ తిరిగి రాదు. పైగా చాలాచోట్ల రెండు మూడు వరుసలు ఒకదానిమీద ఒకటి నడుస్తుంటాయి. కాగితం మీద కనిపించే లెక్క చెవికి గుర్తుండదు. స్వరకర్త లిగెతి 1958లో ఈ రచననే విప్పి చూపించాడు. అంతకుముందే, 1955లో, ఇంకో స్వరకర్త క్సెనాకిస్ కూడా దాదాపు ఇదే అన్నాడు: వరుసలు అంత చిక్కబడ్డాక వినేవాడికి మిగిలేది స్వరాల గుంపే.

కర్నూలు రేకులిల్లు:
అందుకే క్సెనాకిస్ గుంపునే రాశాడు. 'పిథోప్రాక్టా'లో 46 తీగవాద్యాలు, ఎవరి దారి వాళ్లది, సంభావ్యత లెక్కలతో. మా రేకుల మీద వడగళ్లు పడ్డట్టే ఉంటుంది. ఏ రాయి ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? వాన ముదురుతోందా, తగ్గుతోందా అన్నది మాత్రం మంచం మీద పడుకునే చెప్పొచ్చు. నాకైతే బూలెజ్ కంటే ఇదే నయం.

కడప శ్రోత:
ఎవరిష్టం వాళ్లదైనా చెవి తప్పిపోనిది ఇంకోటుంది. అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ రచన 'ఇన్ సి', 1964. మొత్తం 53 చిన్న పలుకులు, ఒక్కోదాన్ని ఎన్నిసార్లు వాయించాలో వాయించేవాడి ఇష్టం. వెనకాల మాత్రం ఒకే స్వరం టకటకమంటూ ఉంటుంది.

అనంతపురం మృదంగం:
ఇప్పుడే విన్నా అప్పా. నాలుగో నిమిషానికి చేయి తొడమీద పడింది. సంక్రాంతికి అమ్మాయి వస్తుంది. ఈసారి పందెం నేను కడతా.